మందిరంలో మైకు సెట్టు రొద: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మందిరాల్లో మైకు సెట్టు చూసుకునేవారిలో చాలామంది ఆ పని ఎక్కడా నేర్చుకున్నవారు కారు. కీబోర్డు వాయించే తమ్ముడో, పాస్టరు గారి అబ్బాయో, ఇంటి వైరింగు తెలిసిన సంఘ సభ్యుడో ఆ బాధ్యత నెత్తిన వేసుకుంటారు. ఆదివారం రొద వస్తే మందిరంలో ఉన్నవారందరూ వెనక్కి తిరిగి చూసేది వారినే. ఇవి వారు తరచుగా అడిగే ప్రశ్నలు.

ముందుగా ఒక మాట. రొద వినబడగానే ఈక్వలైజరు (బరువు, సన్న స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించేది) మీదికి చెయ్యి పోతుంది. ఆ చెయ్యిని ఆపుకోవాలి. ఈక్వలైజరుతో నొక్కేస్తే రొదతో పాటు ప్రసంగం చేసేవారి గొంతు కూడా సన్నబడిపోతుంది, రొద పుట్టే చోటు మాత్రం అలాగే ఉంటుంది. అది ఎక్కడ పుడుతోందో పట్టుకుంటే, ఎక్కువసార్లు కొత్త సామాను కొనే అవసరమే రాదు.

రొద వస్తోంది. దేనితో మొదలుపెట్టాలి?

ఒక్కొక్కటిగా ఆపుతూ వినడంతో. మిక్సరులో ఛానళ్ల ఫేడర్లన్నీ (ఒక్కో మైకు, వాయిద్యం శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటలు) కిందికి దించండి, మొత్తం శబ్దాన్ని అదుపు చేసే మాస్టర్‌ను మాత్రం మామూలు స్థాయిలోనే ఉంచండి. రొద ఆగిపోయిందంటే జబ్బు ఏదో ఒక ఛానల్‌లో ఉంది. ఒక్కో ఫేడరును పైకి తెస్తూ వినండి. ఎక్కడ మళ్లీ మొదలైతే ఆ మైకు, ఆ కేబుల్, ఆ వాయిద్యం చూడాలి.

ఫేడర్లు దించినా ఆగకపోతే మాస్టర్ కూడా దించండి. ఇప్పుడు ఆగితే మిక్సరులోనో, ఎకో యూనిట్ నుంచి తిరిగి వచ్చే లైనులోనో ఉంది. అప్పటికీ ఆగకపోతే యాంప్లిఫయరు వాల్యూం సున్నాకు తెచ్చి, మిక్సరు నుంచి వచ్చే కేబుల్ తీసేసి, వాల్యూం నెమ్మదిగా పెంచండి. కేబుల్ తీశాక నిశ్శబ్దంగా ఉంటే మిక్సరుకూ యాంప్లిఫయరుకూ మధ్య ఎర్త్ గొడవ ఉండవచ్చు. కేబుల్ లేకపోయినా గుయ్‌మంటుంటే యాంప్లిఫయరుకే మరమ్మతు కావాలి. పాత యాంప్లిఫయర్లలో ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది. దాన్ని బాగు చేయడం తెలిసిన మెకానిక్ పని. మూత విప్పి మీరు చెయ్యి పెట్టవద్దు, స్విచ్ ఆపేశాక కూడా ఆ కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఈ పరీక్ష ఆదివారం ఉదయం హడావుడిలో కుదరదు. శనివారం సాయంత్రం పాటల సాధనకు కాస్త ముందుగా వెళ్లి చేయండి.

చప్పుడును బట్టి జబ్బు చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ఎర్త్ లూప్ (దాని సంగతి తర్వాతి ప్రశ్నలో) వల్ల వచ్చే హమ్, అంటే గుయ్‌మనే మోత, 50 హెర్ట్జ్ దగ్గర బరువుగా, మెత్తగా ఉంటుంది. ఎండిపోయిన కెపాసిటర్ల హమ్ ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వినికిడితో తేడా తెలియకపోతే కీబోర్డు సాయం తీసుకోండి. 61 మీటల కీబోర్డును మామూలు ఆక్టేవ్‌లో ఉంచితే, ఎడమ చివర నుంచి వచ్చే మొదటి జి సుమారు 98 హెర్ట్జ్. హమ్ ఆ స్వరానికి దగ్గరగా ఉంటే 100 హెర్ట్జ్ అనుకోవచ్చు, దానికి ఒక ఆక్టేవ్ కింద ఉంటే 50. చిన్న స్పీకరు బాక్సులు 50 హెర్ట్జ్‌ను సరిగ్గా పలికించలేవు కాబట్టి ఈ పరీక్ష పెద్ద బాక్సుల దగ్గర చేయండి.

జుర్‌మని గరగరలాడుతూ, పదునుగా ఉంటే ఫ్యాను రెగ్యులేటరో, లైట్లో, ఛార్జరో కారణం. సన్నగా సర్‌మనేది గెయిన్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచే నాబ్) తప్పు. చిటపటలు కేబుల్, జాక్, మురికి పట్టిన నాబ్. కుయ్‌మని పెరిగిపోయేది ఫీడ్‌బ్యాక్.

ఎర్త్ లూప్ అంటే ఏమిటి?

మిక్సరు మందిరం వెనక గోడ దగ్గర ఒక ప్లగ్గులో, యాంప్లిఫయరు వేదిక పక్కన మరో ప్లగ్గులో ఉన్నాయనుకోండి. రెండింటికీ ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో కేబుల్ షీల్డు (సిగ్నల్ వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఉంది. ఎర్త్ వైరు, షీల్డు కలిసి ఒక పెద్ద వలయం అవుతాయి. రెండు ప్లగ్గుల ఎర్త్ మధ్య ఏ కొద్ది వోల్టేజి తేడా ఉన్నా ఆ వలయంలో కరెంటు పారుతుంది, అదే హమ్‌గా వినిపిస్తుంది.

మొదటి మందుకు ఖర్చు తక్కువ. మిక్సరు, యాంప్లిఫయరు, కీబోర్డు, కార్డ్‌లెస్ రిసీవరు అన్నింటికీ కరెంటు ఒకే ప్లగ్గు పాయింటు నుంచి ఇవ్వండి. దూరంగా ఉన్న మిక్సరుకు మంచి మందం ఉన్న మూడు వైర్ల ఎక్స్‌టెన్షన్ లాగండి. చాలా మందిరాల్లో హమ్ ఇక్కడితోనే పోతుంది. పోకపోతే మిక్సరుకూ యాంప్లిఫయరుకూ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేస్తే హమ్ పోయింది. అలాగే ఉంచవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

ఎర్త్ పిన్ ఉన్నది ప్రాణం కోసం. యాంప్లిఫయరు లోపల ఫేజ్ వైరు ఎక్కడైనా ఊడి డబ్బాకు తగిలితే, ఎర్త్ ఉంటే ఫ్యూజు కొట్టుకుపోతుంది లేదా ట్రిప్ అవుతుంది. ఎర్త్ లేకపోతే ఆ 230 వోల్టులు డబ్బా మీదే నిలబడి, కేబుల్ షీల్డు గుండా మైకు దాకా వస్తాయి. మైకు ఇనుప జాలీకి పెదవులు ఆనించి పాడే చెల్లి చెయ్యి గిటారు తీగల మీదో, కాళ్లు తడి నేల మీదో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. హమ్ వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. దీనితో మనిషే పోతాడు.

ఎర్త్ విడదీయాలంటే ఆడియో లైనులోనే విడదీయాలి. డీఐ బాక్సు (కీబోర్డు వంటి వాటి సిగ్నల్‌ను మిక్సరుకు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ అందుకే ఉంది. అది సిగ్నల్ షీల్డును మాత్రమే తెంచుతుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. ఇప్పటికే మీ మందిరంలో విరిగిన ఎర్త్ పిన్నులుంటే ఈ వారమే మార్చండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) లేకపోతే పెట్టించమని సంఘ పెద్దలతో గట్టిగా మాట్లాడండి. కొత్త స్పీకర్లకు కానుకలు పోగు చేయడం కంటే ఇది ముందు.

మా ఎర్త్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటరుతో ప్లగ్గు దగ్గర కొలిపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇంచుమించు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకపోతే మంచిది. పది, ఇరవై చూపిస్తుంటే ఎర్త్ తెగిందో, న్యూట్రల్ వదులయిందో చూడాలి. ఎర్త్ గొయ్యి రెసిస్టెన్స్ కొలవడానికి వేరే మీటరు ఉంటుంది. అయిదు ఓమ్‌ల లోపు ఉండేలా చూసుకోవడం మంచి అలవాటు.

పాలకొండ వైపు, కొండల దాపున ఉన్న ఊళ్లలో రాతినేల వల్ల ఎర్త్ సరిగా దొరకదు. ఎండాకాలంలో గొయ్యి ఎండిపోయి ఇంకా దిగజారుతుంది. వర్షాకాలంలో లేని హమ్ ఏప్రిల్, మే నెలల్లో మొదలైతే ముందు గొయ్యిలో నీళ్లు పోయండి. బొగ్గు, ఉప్పు వేసిన గొయ్యి అయితే పైపు తుప్పు పట్టి తెగిపోయిందేమో తవ్వించి చూడాలి.

సౌండుకు మాత్రమే వేరే ఎర్త్ గొయ్యి తవ్వి, మందిరం ఎర్త్‌తో కలపకుండా వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. అది ప్రమాదం. ఒకే భవనంలో రెండు ఎర్త్‌లు ఉంటే వాటిని కలిపి తీరాలి. లేకపోతే పిడుగు పడినప్పుడో, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడో రెండింటి మధ్య పెద్ద వోల్టేజి లేస్తుంది, అది ముందు మీ మిక్సరునే కాలుస్తుంది.

మైకు పట్టుకుంటే హమ్ తగ్గుతోంది, వదిలితే పెరుగుతోంది. ఎందుకు?

కేబుల్ షీల్డు ఎక్కడో తెగింది. జాక్ విప్పి టంకం చూడండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో (మూడు పిన్నుల గుండ్రటి మైకు జాక్) ఒకటో పిన్ షీల్డు, రెండు, మూడు పిన్నులు సిగ్నల్.

మన దగ్గర మరో అలవాటు ఉంది. మైకు వైపు ఎక్స్‌ఎల్‌ఆర్, మిక్సరు వైపు పి-38 జాక్ (గిటారుకు గుచ్చే పావు అంగుళం జాక్) ఉన్న కేబుళ్లే దుకాణాల్లో ఎక్కువగా అమ్ముతారు. ఆ పి-38 మోనో జాక్ దగ్గర మూడు పిన్నులు రెండయిపోతాయి, మైకు ఇచ్చే బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ అక్కడే పోతుంది. బ్యాలెన్స్‌డ్ లైనులో ఒకే శబ్దం రెండు వైర్లలో ఒకదానికొకటి తలకిందులుగా వెళ్తుంది. దారిలో చేరిన రొద రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, మిక్సరు ఆ రెండింటి తేడాను తీసుకున్నప్పుడు రొద కొట్టుకుపోయి గొంతు మిగులుతుంది. మోనో జాక్‌తో ఈ సుగుణం ఉండదు. పది మీటర్లు దాటిన ప్రతి మైకు కేబుల్‌కూ రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ పెట్టించి, మిక్సరులోని ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రంలోనే గుచ్చండి. నా మట్టుకు నాకు, మందిరం కొనే మొదటి మంచి వస్తువు మైకు కాదు, కేబుల్.

ఇంకొకటి. మైకు కేబుళ్లను కరెంటు వైర్ల పక్కనే కట్టలు కట్టి తీసుకెళ్లవద్దు. కనీసం ఒక అడుగు దూరం ఉంచండి. దాటవలసి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. 100 వోల్టుల లైనులో నడిచే కాలమ్ స్పీకర్ల వైర్లను కూడా మైకు వైర్లు ఉన్న కేసింగులో వేయకూడదు.

పాటల సాహిత్యం చూపించే ల్యాప్‌టాప్ కలపగానే రొద మొదలవుతోంది.

ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. రొద పోతే కారణం ఛార్జరే. ప్రొజెక్టరుకు వెళ్లే కేబుల్ కూడా తీసి చూడండి, ప్రొజెక్టరు వేరే ప్లగ్గులో ఉంటే అక్కడా లూప్ ఏర్పడుతుంది. శాశ్వత పరిష్కారం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టీరియో డీఐ బాక్సు. కీబోర్డుకూ, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్‌కూ ఇదే మందు.

ఫ్యాన్లు వేస్తే గరగర. క్రిస్మస్ లైట్లు పెడితే ఇంకా ఎక్కువ.

గుండ్రంగా తిప్పే చవక ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ట్రయాక్ అనే భాగం ఉంటుంది. అది కరెంటు తరంగాన్ని ప్రతి అర్ధచక్రంలో కొంత కోసేస్తుంది. అలా కోసినప్పుడు పుట్టే పదునైన అంచులు వైర్ల గుండా మిక్సరులోకి చొరబడతాయి. పరీక్ష సులభం: ఫ్యాన్లన్నీ పూర్తి వేగంలో పెట్టండి, గరగర తగ్గితే రెగ్యులేటర్లే కారణం. అయిదు మెట్లతో టక్కుటక్కుమని తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్లు ఇంత గొడవ చేయవు. వాటికి మార్చుకోండి.

డిసెంబరులో నక్షత్రాలు, మిణుకుమిణుకుమనే సీరియల్ లైట్లు వేలాడదీసినప్పుడు వాటి కంట్రోలర్లూ ఇదే పని చేస్తాయి. అలంకరణ అక్కరలేదని నేను అనను, పిల్లలు ఏడాదంతా ఎదురుచూసేది వాటి కోసమే. సౌండుకు మెయిన్ బోర్డు నుంచి నేరుగా ఒక వేరే లైను వేయించుకుని, లైట్లను మరో లైను మీద పెట్టండి. మూడు ఫేజులు ఉన్న మందిరమైతే సౌండంతా ఒకే ఫేజు మీద ఉంచి, లైట్లు, ఫ్యాన్లు మిగతా వాటికి పంచండి.

కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి మారగానే రొద. జనరేటరుతోనూ అంతే.

చవక ఇన్వర్టర్లు ఇచ్చేది చదరపు తరంగం, దానిలోనే గరగర ఉంటుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరు కొనడం తప్ప దీనికి దారి లేదు. ఊళ్లలో సువార్త సభలకు అద్దెకు తెచ్చే జనరేటరుకు చాలాసార్లు అసలు ఎర్త్ ఉండదు. నేలలో రాడ్డు దించి ఎర్త్ ఇచ్చాకే సెట్టు వేయమని జనరేటరు తెచ్చినవారికి చెప్పండి. మోటారు వేగం పడుతూ లేస్తుంటే హమ్ స్వరం కూడా మారుతూ వినిపిస్తుంది. అప్పుడు వెతకవలసింది మిక్సరులో కాదు.

ప్రసంగం మధ్యలో ఆగినప్పుడు సర్‌మని వినిపిస్తోంది.

మిక్సరులో ఛానల్ పైన ఉండే గెయిన్ నాబ్ బాగా తక్కువ పెట్టి, ఆ లోటును యాంప్లిఫయరులో పూర్తిగా తిప్పి భర్తీ చేస్తున్నారు. మైకు ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని మొదటి మెట్టులోనే తగినంత పెంచాలి. లేకపోతే తర్వాతి మెట్లన్నీ మాటతో పాటు పరికరాల సొంత సర్‌ను కూడా పెంచుతాయి.

యాంప్లిఫయరు దించండి. ప్రసంగించేవారిని మామూలుగా మాట్లాడేటంత గట్టిగా మాట్లాడించి, ఆ ఛానల్ పీఎఫ్ఎల్ (ఆ ఒక్క ఛానల్ స్థాయినే మీటరులో చూపే బటన్) నొక్కి, మీటరు సున్నా దగ్గర ఆడేలా గెయిన్ పెంచండి. ఎర్ర లైటు ఎప్పుడూ వెలగకూడదు. ఫేడరు, మాస్టర్ రెండూ సున్నా గుర్తు దగ్గర పెట్టి, చివరగా యాంప్లిఫయరును మందిరానికి కావలసినంత మాత్రమే పెంచి అక్కడ టేపు ముక్క అంటించండి. వాడని మైకుల ఛానళ్లను మ్యూట్ చేయడం మరవకండి.

కుయ్‌మనే ఫీడ్‌బ్యాక్ ఎలా ఆపాలి?

స్పీకరు నుంచి వచ్చిన శబ్దం మైకులోకి మళ్లీ వెళ్లి, పెరిగి, మళ్లీ స్పీకరులోకి వస్తుంది. దీన్ని ఆపే పని మిక్సరు దగ్గర కంటే వేదిక మీద ఎక్కువగా ఉంటుంది.

ముందు స్పీకర్ల చోటు. ప్రసంగ వేదిక వెనక గోడకు, మాట్లాడేవారి వీపు వైపు స్పీకర్లు బిగించిన మందిరాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఏర్పాటులో ఏ ఈక్వలైజరూ గెలవదు. స్పీకర్లు మైకు కంటే ముందుకు రావాలి, విశ్వాసుల వైపు తిరగాలి, వారి తలల ఎత్తుకు పైన ఉండి కాస్త కిందికి వంగాలి.

తర్వాత మైకు దూరం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగం అయితే గొంతు 6 డెసిబెల్ పెరుగుతుంది. ఒక్క పైసా ఖర్చు లేని యాంప్లిఫయరు ఇదే. పాస్టరు గారు మైకుకు దూరంగా నిలబడి మాట్లాడటం అలవాటైతే, ఆయనకు గౌరవంగా, విడిగా ఒకసారి చూపించండి. మైకు ఆయన గొంతుకు దగ్గరగా ఉంటే వెనక వరుసలో కూర్చున్న పెద్దమ్మకు ప్రతి మాటా అందుతుందని చెబితే ఎవరూ కాదనరు.

మూడోది, తెరిచి ఉన్న మైకుల సంఖ్య. అది రెట్టింపైన ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్ రాకుండా పెంచగలిగే స్థాయి 3 డెసిబెల్ తగ్గుతుంది. పాటల దళానికి ఎనిమిది మైకులు తెరిచి, పాట అయిపోయాక వాటిని అలాగే వదిలేస్తే ప్రసంగం మైకుకు 9 డెసిబెల్ నష్టం. ప్రసంగానికి ఒక్క మైకే తెరిచి ఉండాలి.

పాడేవారు మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకోవడం కూడా పెద్ద కారణం. జాలీ వెనక భాగం మూసుకుపోతే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది. కార్డియాయిడ్ మైకుకు సరిగ్గా వెనక వైపు చెవుడు, కాబట్టి మానిటరు స్పీకరును దానికి నేరుగా వెనక పెట్టాలి. సూపర్ కార్డియాయిడ్ మైకుకు వెనక కాస్త వినబడుతుంది, మానిటరును వెనక నుంచి కొద్దిగా పక్కకు జరపాలి. మైకు పెట్టె మీద ఏ రకమో రాసి ఉంటుంది, చూసుకోండి.

ఇవన్నీ చేశాకే ఈక్వలైజరు. గొంతు ఛానళ్లన్నింటికీ 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకంటే కింది బరువు శబ్దాలను కోసేసే బటన్) నొక్కండి. ఆ తర్వాత వాల్యూం మెల్లగా పెంచుతూ, మొదట కూసే స్వరాన్ని గ్రాఫిక్ ఈక్వలైజరులో 3 డెసిబెల్ తగ్గించండి. ఇలా మూడు నాలుగు స్వరాలు చాలు. పది మీటలు కిందికి లాగేశారంటే స్పీకరు చోటు దగ్గరికి తిరిగి వెళ్లవలసిందే.

శనివారం సాధనలో గుంయ్‌మని మోగుతుంది, ఆదివారం బాగుంటుంది. సెట్టు మారలేదు కదా?

మారింది మందిరమే. గచ్చు గోడలు, స్లాబు, నున్నటి టైల్స్ శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. మనుషులు పీల్చుకుంటారు. వాలెస్ సాబిన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1890ల చివర్లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస గదిని బాగు చేయబోయి దీనికి సూత్రం కనిపెట్టారు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగిస్తే శబ్దం 60 డెసిబెల్ తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి.

మన లెక్క చేసి చూద్దాం. 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు ఉన్న మందిరం 480 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 424 చదరపు మీటర్లు. అంతా గచ్చూ టైల్సే అయితే అది పీల్చేది సుమారు 13 చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానం. మోగే కాలం దాదాపు 6 సెకన్లు. నూరు మంది వచ్చి కూర్చుంటే, మనిషికి సుమారు 0.45 చొప్పున మరో 45 కలుస్తుంది. అప్పుడు 1.3 సెకన్లు. మాట స్పష్టంగా వినపడాలంటే ఒక సెకను దరిదాపుల్లో ఉండాలి.

అందుకే ఖాళీ మందిరంలో ఈక్వలైజరు పూర్తిగా సర్దేసి వదిలేయకూడదు. పదిమంది వచ్చే బుధవారం ప్రార్థన కూడికలో మాట అర్థం కావడం లేదంటే తప్పు మిక్సరుది కాదు, అందరినీ ముందుకు పిలిచి కూర్చోబెట్టి వాల్యూం తగ్గించండి. వెనక గోడకు మందపాటి తెరలు మడతలు మడతలుగా వేలాడదీయడం, నేల మీద జంపఖానాలు పరవడం నిజంగా పనిచేస్తాయి. గుడ్ల అట్టలు అంటించడం వద్దు, అవి పీల్చేది చాలా తక్కువ, నిప్పంటుకుంటే మాత్రం భగ్గుమంటాయి.

ఎకో పెడితేనే గొంతు బాగుంటుందని అందరూ అంటున్నారు.

పాటకు కొంచెం పెట్టండి. ప్రసంగానికి, ప్రార్థనకు, వాక్య పఠనానికి పూర్తిగా ఆపేయండి. ఇందులో నేను రాజీపడను. మందిరమే ఒకటిన్నర సెకన్లు మోగుతుంటే దాని మీద ఎకో కలిపితే ఒక మాట తోక తర్వాతి మాటను మింగేస్తుంది. చెవి మందగించిన పెద్దవారికి అది మాట కానే కాదు, రొద. వినడానికి వచ్చినవారు వినలేకపోతే మైకు ఎందుకు పెట్టినట్టు?

పొడవైన మందిరంలో మధ్యలోనో చివరనో అదనపు స్పీకర్లు ఉంటే ఎకో ఆపినా మాట రెండుసార్లు వినిపిస్తుంది. ముందు స్పీకరు శబ్దం 15 మీటర్లు ప్రయాణించడానికి సుమారు 43 మిల్లీసెకన్లు పడుతుంది, దగ్గరి స్పీకరు దానికి ముందే పలికేస్తుంది. వెనక స్పీకర్లకు అంత ఆలస్యం ఇచ్చే డిలే యూనిట్ పెట్టాలి.

కార్డ్‌లెస్ మైకు మధ్యమధ్యలో తెగిపోతోంది, గరగరలాడుతోంది.

ముందు బ్యాటరీ. ప్రతి ఆదివారం కొత్త ఆల్కలైన్ సెల్ కానీ, నిండుగా ఛార్జి చేసినది కానీ వేయండి. తర్వాత రిసీవరు చోటు. దాన్ని ఇనుప బీరువాలోనో, యాంప్లిఫయరు వెనకనో పెడితే సిగ్నల్ ఎలా అందుతుంది? మనుషుల తలల కంటే ఎత్తులో, మైకుకు కంటికి కనిపించే చోట పెట్టి, యాంటెనాలు విప్పారేలా ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్ మైకులకు మందిరంలోని వైఫై, అందరి ఫోన్లు పోటీ. యూహెచ్‌ఎఫ్‌లో కూడా 700 మెగాహెర్ట్జ్ పైన పనిచేసే చవక సెట్లు కొనవద్దు, ఆ ప్రాంతంలో మొబైల్ నెట్‌వర్కులు నడుస్తున్నాయి.

టిక్‌టిక్‌టిక్ అని లయగా వస్తుంది, తర్వాత ఎవరి ఫోనో మోగుతుంది.

2జీ సిగ్నల్ సెకనుకు 217 సార్లు ఆగి ఆగి వెలువడటం వల్ల వచ్చే చప్పుడు అది. మిక్సరు మీద, ప్రసంగ వేదిక మీద ఫోను పెట్టవద్దు.

నాబ్ తిప్పితే బరబర, కేబుల్ కదిలిస్తే చిటపట.

కళింగపట్నం, భావనపాడు, బారువ, కోనాడ వంటి తీరపు ఊళ్లలో ఇది ఎప్పుడూ ఉండే బాధ. ఉప్పు గాలి జాక్‌ల మీద, మిక్సరు రంధ్రాల్లో, ఫేడర్ల లోపల పొరలా పేరుకుంటుంది. సెట్టు ఆపి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి, నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు తిప్పండి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే వాడవద్దు, దాని జిడ్డు దుమ్మును పట్టుకుని మళ్లీ అదే స్థితికి తెస్తుంది. జాక్‌లను నెలకొకసారి పొడి గుడ్డతో తుడవండి. వారమంతా మిక్సరును మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటింది. అలాంటి గాలివానల్లో తడిసిన సెట్టును ఆరిందా లేదా చూడకుండా ఆన్ చేయవద్దు. పైన ఆరినట్టు కనిపించినా ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో తేమ రోజుల తరబడి నిలుస్తుంది. మెకానిక్ విప్పి ఆరబెట్టి, ఇన్సులేషన్ పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. వరద నీళ్లలో మునిగిన మైకు కేబుళ్లను మాత్రం పారేయండి. షీల్డు లోపల పచ్చగా చిలుము పడుతుంది, తర్వాత ఎంత టంకం పెట్టినా నిలవదు.

ఆన్, ఆఫ్ చేసేటప్పుడు టప్‌మని కొడుతోంది.

వేసేటప్పుడు యాంప్లిఫయరు చివర, ఆపేటప్పుడు యాంప్లిఫయరు మొదట. ఫాంటమ్ పవర్ (మిక్సరు నుంచి కేబుల్ గుండా కండెన్సర్ మైకుకు వెళ్లే కరెంటు) 48 వోల్టులు వేసే ముందు ఛానల్ మ్యూట్ చేయండి.

రేకుల షెడ్డు మీద వాన పడితే ఏమీ వినబడదు.

వాల్యూం పెంచితే లాభం లేదు, మైకులు వాన చప్పుడునూ పట్టి పెంచుతాయి. ఒక్క మైకే తెరిచి, నోటికి బాగా దగ్గరగా పట్టుకోవాలి. శాశ్వతంగా అయితే రేకుల కింద ఖాళీ వదిలి, రాక్‌వూల్ పరిచి సీలింగు వేయించాలి, ఎండ వేడి కూడా తగ్గుతుంది. థర్మాకోల్ మాత్రం వద్దు, వాన చప్పుడును ఆపదు, పైగా సులభంగా అంటుకుంటుంది.

ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చేస్తే శబ్దం పగిలిపోతోంది.

మిక్సరు లైన్ అవుట్‌ను ఫోను హెడ్‌సెట్ రంధ్రంలో నేరుగా గుచ్చారు. ఫోను అక్కడ మైకు స్థాయి సిగ్నల్ కోసం చూస్తుంది, మిక్సరు ఇచ్చేది దానికి వందల రెట్లు. సిగ్నల్ తగ్గించే ప్యాడ్ ఉన్న కేబుల్ కానీ, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కానీ వాడండి. ఫోనును ఛార్జరుకు పెట్టి ప్రసారం చేస్తే హమ్ వస్తుంది, పవర్ బ్యాంకు వాడితే పోతుంది.

మా శబ్దం ఇరుగుపొరుగుకు రొద అవుతోందని ఫిర్యాదు వచ్చింది.

వారి మాట వినండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు అధికారుల అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, మూసి ఉన్న హాలు లోపల తప్ప, వాడకూడదు. నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పండుగ రోజుల్లో రాత్రి 12 వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వగలదు, అది ఏడాదికి 15 రోజులకు మించదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ముందుగానే ఆ సంగతి కనుక్కోండి.

బయట కట్టిన గొట్టం మైకులు దించేయండి. వాటి కీచు గొంతు వీధికే తప్ప ఆరాధనకు పనికిరాదు. లోపల స్పీకర్లను కిందికి వంచితే శబ్దం కిటికీల్లోంచి బయటకు పోవడం తగ్గుతుంది, అదే మార్పుతో లోపలివారికి మాట ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

ఇవన్నీ చేసినా పోకపోతే?

మెకానిక్‌ను పిలవండి. పిలిచే ముందు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: రొద ఎలా ఉంది, ఏ ఫేడరుతో మారుతోంది, మాస్టర్ దించితే ఏమవుతోంది, ఫ్యాన్లు ఆపితే, ఛార్జరు తీస్తే, ఇన్వర్టరు మీద ఉంటే ఎలా ఉంటోంది, ఎప్పటి నుంచి మొదలైంది, దానికి ముందు ఏ సామాను కొత్తగా కలిపారు. వీలైతే ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేయండి. ఆయన వచ్చినప్పుడు సెట్టును విప్పి సర్దకుండా, ఆదివారం ఎలా ఉంటుందో అలాగే, అదే ప్లగ్గుల్లో ఉంచి చూపించండి.